యుద్ధం అయిపోయేదాకా మేడమే

ఆ రోజుల్లో ప్రజాస్వామ్యం గురించి నాకు తెలియనిది లేదనుకునేదాన్ని. భద్రాచలంలో ఒక ప్రైవేటు దవాఖానాలో బిల్లు కౌంటరు ఉద్యోగం, ముగ్గురం ఆడపిల్లలం ఒకే కిరాయి గది: నేను, నర్సుగా చేసే దమ్మపేట అక్క, మేం 'మేడం' అని పిలుచుకునే ల్యాబు పిల్ల (వయసులో నాకన్నా చిన్నదే, కానీ ఆ అధికారపు గొంతుకు ఇంకో పేరు అతకదు). వానాకాలం అడవి ఊళ్ల నుంచి జ్వరాలతో వచ్చేవాళ్లను చూసి చూసి గదికి చేరాక, ఫోన్లలో రాజ్యాల ఆట ఆడేవాళ్లం. అందులో తలా ఒక ఊరు, స్టాఫందరిదీ కలిపి ఒక దేశం, వారం వారం ఎన్నికలు. అందరం ఓట్లేసి మేడంని అధ్యక్షురాలిని చేశాం. గదిలో వంట మాత్రం వంతులవారీగానే సాగేది.

ఒకరోజు ఆటలో పక్కదేశం మా మీద పడింది. "యుద్ధంల ఎలక్షన్లేంది? అయిపోయేదాక మేడమే ఉండాలె" అని తీర్మానం పెట్టింది సాక్షాత్తూ నేనే. దమ్మపేట అక్క ఒక్కతే అడ్డం తిరిగింది. "అయిపోయిందని ఎవరు జెప్తరు పిల్లా? ఆమేనా?" అంది. నాకు నవ్వొచ్చింది. ఆ సాయంత్రమే మేడం వంట వంతు కూడా రద్దు చేశాను. సైన్యాన్ని నడిపే మనిషి చేత వంకాయలు తరిగించడానికి నాకు మనసొప్పలేదు.

యుద్ధం గెలిచాం. వెంటనే మేడం ఇంకో దేశం మీదికి పోయింది, తర్వాత మరోదాని మీదికి. ఆటలో మా ఊళ్ల ధాన్యం ఖాళీ, గదిలో అంట్లు నిండుగా. (అంట్లు తోమడమూ దేశసేవేనని మేడం సెలవిచ్చింది.) ఎన్నికలు పెట్టమన్నందుకు అక్కని దేశం నుంచి వెళ్లగొట్టింది. అక్క పెట్టె సర్దుకుని గదినుంచే వెళ్లిపోయింది. పోతూ "నువ్వన్నా మేడంని ఓ మాట అడగరాదే" అంది. అడిగాను. "యుద్ధంల ఎలక్షన్లేంది?" అంది మేడం, అచ్చం నాలాగే.

చివరికి ఓడిపోయాం. మేడం సంధి చేసుకుంది: నా ఊరు శత్రువులకి, తనకి వాళ్ల దేశంలో మంత్రి పదవి. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. "గిట్ల చేస్తివేంది మేడం?" అన్నాను. ఫోన్లోంచి తల ఎత్తకుండానే "దేశం కోసం తప్పలే. ఇయ్యాల కూరేంది?" అంది.

ఆటలో నాకు ఓటు లేదు సరే, గదిలో నా నోరు ఎవరు కట్టేశారు? ఇప్పుడు జనం గట్టి నాయకుడు కావాలని ఊగిపోతుంటే, గరిట పట్టుకుని నిలబడ్డ ఆ పిల్ల, అప్పటి నేను, గుర్తొచ్చి చేదుగా నవ్వొస్తుంది. ఊరు పోగొట్టుకున్న ఆ పూట కూడా, మేడం కంచంలో అన్నం పెట్టి, "ఉప్పు సరిపోయిందా?" అని భయంభయంగా అడిగింది, పిచ్చిది.