అప్పాయమ్మ మేడగది

అప్పాయమ్మకు మొదటినుంచీ ఒక జబ్బు. దేన్నయినా సరే ఎందుకని అడగకుండా వదలదు. ముప్పై నాలుగేళ్లు కార్పొరేషన్ ఉద్యోగంలో ఓడరేవు పక్క వాట్‌గంజ్ సందులు ఊడ్చినప్పుడు కూడా, ఈ గుమ్మం ముందు చేపముళ్లు ఎందుకు తగ్గాయి, ఆ గుమ్మం ముందు మందుసీసాలు ఎందుకు పెరిగాయి అని ఆరా తీసేది. ఇప్పుడు డెబ్భై మూడో ఏట ఆ ఆరా అంతా తన కాళ్ల మీదికి మళ్లింది.

ఆమె రిటైరైన రోజునే కొడుకు బంగారయ్య ఒట్టు పెట్టుకున్నాడు, అమ్మ చేత మళ్లీ చీపురు పట్టించనని. అతను చెత్త లారీ నడుపుతాడు. తల్లి పడ్డ కష్టం కళ్లారా చూసినవాడు. ఆ బస్తీలో మన తెలుగువాళ్లందరిదీ అదే తీరు. రిటైరైన తల్లి చేతిలో చీపురు కనబడిందంటే కొడుకు పరువు గంగలో కలిసినట్టే. అయినా నీళ్లు పట్టడం, బజారుకెళ్లడం ఆమెకు మిగిలాయి. పోయిన వానల్లో కుళాయి దగ్గర జారిపడ్డాక అవీ పోయాయి. ఎముక విరగలేదు గానీ కోడలు లలితకుమారి ఆమెను కాలు కింద పెట్టనివ్వలేదు. అన్నం, టీ, స్నానానికి నీళ్లు, అన్నీ మేడ మీదికే వచ్చేవి. ఎనిమిది నెలలు తిరిగేసరికి మెట్లు దించడానికి ఇద్దరు కావలసి వచ్చారు.

"మంచం కిందికి దించేద్దారమ్మా. ఆ పద్నాలుగు మెట్లు నీవల్ల కావు" అన్నాడు బంగారయ్య.

మేడ మీద ఆమెకో గది, చిన్న స్టవ్, ఓడరేవు క్రేన్లు కనబడే కిటికీ, లోపల గడియ ఉన్నాయి. కింద గదిలో మంచమంటే వచ్చేపోయేవాళ్ల కళ్ల ముందు పడుకోవడమే. ఆ పూట ఆమెకు అన్నం సహించలేదు.

వీధి చివర బెంగాలీ డాక్టరు 'బొయోష్ హోయెచ్ఛే, మాషీ' అన్నాడు. వయసైపోయిందట. "ఎనిమిది నెలల్లో పదేళ్ల వయసెలా వచ్చీసింది డాక్టర్‌బాబూ?" అని ఆమె అడిగితే నవ్వి ఊరుకున్నాడు. ఆమెకా నవ్వు నచ్చలేదు.

తెలుగు సంఘం హాల్లో ఆదివారాలు ఉచితంగా కాళ్లూ కీళ్లూ చూసే ఫిజియోథెరపిస్టు మైథిలి మాత్రం నవ్వలేదు. బ్యాంకు ఆఫీసరు కూతురు, విజయవాడ పిల్ల. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవమంది. అప్పాయమ్మ రెండుసార్లు లేచి, మూడోసారి కూలబడింది.

"మీరేం పని చేసేవారు మామ్మగారూ? ఒకసారి చేసి చూపిస్తారా?"

హాలు మూల పొడుగుకర్ర చీపురు ఉంది. వెంట వచ్చిన బంగారయ్య వద్దనేలోపే ఆమె దాన్ని అందుకుంది. ఎడమ కాలు ముందుకి, కుడి కాలు వెనక్కి. నడుము వంచకుండా బరువు ఈ కాలి మీంచి ఆ కాలి మీదికి మార్చుకుంటూ నాలుగు బారలు ఊడ్చింది. ఎక్కడా తూలలేదు.

"ఇదెవరు నేర్పారు?" మైథిలి దగ్గరికొచ్చి పాదాలే చూస్తోంది.

"మా జమాదారు దుర్గాంబ. సేతులతో ఊడిస్తే సాయంత్రానికి సచ్చిపోతావు, కాళ్లతో ఊడవమనీది."

"నేను చెప్పబోయే కసరత్తు దాదాపు ఇదేనండీ. రోజూ రెండు పూటలా పది నిమిషాలు చేయించండి. కుర్చీలోంచి లేవడం, మెట్లెక్కడం కూడా. మొదట్లో పక్కన ఒకరుండాలి, అంతే."

బంగారయ్య ముఖం కందగడ్డయింది. "నలుగురూ ఏటనుకుంటారు? ముసల్దాన్ని మళ్లీ సీపురు పట్టించీశాడనరా?"

"సిగ్గు నీది నాయినా. కాళ్లు నావి" అంది అప్పాయమ్మ. "పనిమానిపించి గౌరవం సేశావు. ఆ గౌరవమే నా మోకాళ్లు తినీసింది."

బంగారయ్య రెండు నెలల గడువిచ్చాడు. ఈలోగా మెట్లు ఒంటరిగా ఎక్కి దిగితే సరే, లేదంటే మంచం కిందికే. ఆమె వాకిలి ఊడుస్తుంటే అతను మొదటి వారం బయట ముఖం చూపలేదు. ఈ వయసులో చీపురేమిటని ఎదురింటి యోగేశ్ అననే అన్నాడు. "రా, నీకూ నేర్పుతాను" అందామె. కుర్చీలోంచి లేవడం రెండు నుంచి ఐదయింది, ఐదు నుంచి తొమ్మిదయింది. ఏ రోజు ఏ కాలు ముందు అలసిందో కోడలికి చెప్పనిదే నిద్రపోయేది కాదు.

గడువు రోజున మెట్లెక్కింది. బంగారయ్య కింద చేతులు చాచి నిలబడ్డాడు. లలితకుమారి అతని చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది. అప్పాయమ్మ తొమ్మిదో మెట్టు మీద ఆగి ఊపిరి తీసుకుంది. పైకెళ్లింది, దిగింది, ఎవరూ అడక్కుండానే మళ్లీ ఎక్కింది.

వెనకాలే వెళ్లిన కొడుక్కి టీ పెట్టి ఇచ్చింది. పంచదార ఎక్కువైంది. అతను మొత్తం తాగి, అలవాటు కొద్దీ గ్లాసు కడగడానికి లేచాడు. తల్లి ముఖం చూసి ఆగిపోయాడు. ఎంగిలి గ్లాసు ఆమె చేతికిచ్చాడు.

"కడిగి పెట్టవే అమ్మా" అన్నాడు.