పదకొండు సెకన్ల బాబాయి

భర్త పోయిన మూడు వారాలకు దారం మిల్లు వాళ్లు కాజాల పిన్నిని ఆఫీసుకు పిలిపించారు. ఆయన గుర్తింపు కార్డు తిరిగి ఇస్తేనే మిగతా కాగితాలు కదులుతాయన్నారు. ఆవిడ కార్డు తీసుకెళ్లింది. దాని మూలన తపాలా బిళ్లంత ఫొటో. ఇంట్లో ఉన్న పెళ్లి ఫొటో అప్పటికే గోడ చెమ్మకు పాడైంది. పటంలోంచి తీయబోతే మొహాలు అద్దానికే అంటుకుని ఉండిపోయాయి. అంచేత ఆయన మొహం ఈ లోకంలో మిగిలింది ఆ కార్డు మీదే.

"బాబూ, ఫొటో వరకు కత్తిరించుకుంటాను. కత్తెర తెచ్చుకున్నాను. అంచు కూడా చెడదు" అంది.

"కార్డు కంపెనీది. ఫొటో కూడా కంపెనీ తీయించిందే" అన్నాడు గుమాస్తా. రద్దయినట్టు గుర్తుగా కార్డుకు చిల్లు పొడిచి ఫైల్లో పెట్టేశాడు. ఆ చిల్లు సరిగ్గా ఆయన నుదుటి మీద పడింది.

ఈ సంగతి నాకు పిన్నే చెప్పింది. "నేనూ జీవితమంతా చిల్లులే పెట్టానురా. కానీ పెట్టిన ప్రతి చిల్లు చుట్టూ దారం కుట్టాను. వాడు ఊరికే పొడిచేశాడు" అంది.

ఆవిడ పని అదే. నలుగురు టైలర్లు చొక్కాలు కుట్టి పంపితే, కాజాలు తీసి, గుండీలు కుట్టి ఇచ్చేది. వాకిట్లో పీట మీద కూర్చుని, గుడ్డకు గాటు పెట్టి, పీచు లేవకుండా చుట్టూ దారం బిగించేది. పక్కన బిస్కెట్ల డబ్బా నిండా గుండీలు. దారిన పోయేవాళ్లను మొహం కన్నా ముందు చొక్కా చూసి గుర్తుపట్టేది. నేను ఆ ఇంటి మేడ మీద గదిలో అద్దెకుండేవాణ్ణి. పుస్తకాలు బైండింగ్ చేసే చోట పని చేస్తూ, కుట్టాల్సిన ప్రతి పుస్తకం చదివేసేవాణ్ణి. అందువల్ల అన్నీ తెలుసని నాకో నమ్మకం. పిన్నికి నా మీద అంతకన్నా పెద్ద నమ్మకం. తప్పంతా అక్కడే జరిగింది.

ఆయన పోయిన తొమ్మిదేళ్లకు మిల్లు మూతపడింది. ఒక సాయంత్రం ఆ గుమాస్తాయే మా వాకిట్లోకొచ్చి నిలబడ్డాడు. జుట్టు నెరిసింది. చేతిలో పల్చటి డీవీడీ పెట్టె.

"మనకు దారం చుట్టే మెషీన్ అమ్మిన విదేశీ కంపెనీ వాళ్లు ఒకసారి వచ్చి సినిమా తీశారు, గుర్తుందామ్మా? తర్వాత ఈ డిస్కు పంపారు. బీరువా ఖాళీ చేస్తుంటే దొరికింది. మీ ఆయన ఆ మెషీన్ మీదే ఉండేవాడు కదా."

"ఇన్నేళ్లూ బీరువాలో దాచి, ఇప్పుడా తేవడం?" అన్నాను.

"ఆఫీసులో ఆడలేదు బాబూ. అందులో ఆయన ఉన్నాడో లేడో నేనూ చూళ్లేదు."

పిన్ని అతనికి మంచినీళ్లిచ్చింది. అతను వెళ్లాక నేను నోటికొచ్చింది అన్నాను.

"ఊరుకోరా. మనసు పూర్తిగా చచ్చినవాడైతే మూడు వీధులు నడిచి రాడు" అంటూ ఆ పెట్టెను చీర చెంగుతో తుడిచింది. "సినిమా వాళ్లొచ్చారని మీ బాబాయి చెప్పాడు. నా చేతులే తీశారే, మొహం తీయలేదు అన్నాడు. పోనీలే, చేతులైనా చూస్తాను."

మర్నాడు సినిమాలు అద్దెకిచ్చే కొట్టుకు వెళ్లి వేయించాం. తెర మీద ఒక్క వాక్యం వచ్చి ఆగిపోయింది. ఈ డిస్కు మీ ప్రాంతంలో ఆడదట. లోకాన్ని ముక్కలుగా కోసి, ఒక ముక్కలో అమ్మిన డిస్కు ఇంకో ముక్కలో ఆడకుండా తాళం వేస్తారని కొట్టువాడు చెప్పాడు. ఏ దేశం డిస్కునైనా తెరిచే ప్లేయర్లు కూడా ఉంటాయన్నాడు.

"అలాంటిది కొనుక్కో పిన్నీ, అయిపోతుంది" అన్నాను, నాకు ముందే తెలిసినట్టు.

పెద్ద వీధిలో టీవీలు అమ్మే కొట్టాయన, ఒక ప్లేయర్ పెట్టె మీద ఏ దేశం డిస్కయినా ఆడుతుందని రాసి ఉన్నది చూపించాడు. నేను చదివి తలూపాను. డిస్కు వేసి చూపించాడు కూడా. గోడకున్న కొత్త టీవీలో మెషీన్ బొమ్మ నిక్షేపంలా వచ్చింది. పిన్ని రెండు నెలలుగా దాచుకున్నది అక్కడ ఇచ్చేసింది.

ఇంట్లో పెట్టాం. పిన్నిది డొక్కు టీవీ, ఆయన కొన్నది. బొమ్మ వచ్చింది, రంగు లేదు. పైగా ఒక చోట నిలవకుండా కింది నుంచి పైకి దొర్లుకుంటూ పోతోంది. యంత్రం, గోడ, యంత్రం. వాటి మధ్య ఒక మనిషి వీపు. అది పైకి వెళ్లిపోయింది, మళ్లీ కింది నుంచి వచ్చింది, మళ్లీ వెళ్లిపోయింది.

"ఆయనే! ఆ భుజం ఆయనదే!" అని పిన్ని టీవీ దగ్గరికి జరిగింది. "అబ్బాయ్, ఆపరా, పట్టుకోరా, వెళ్లిపోతున్నాడు!"

టీవీ నెత్తి మీద కొట్టాను. వెనక మరలు తిప్పాను. ఆయన దొర్లుతూనే ఉన్నాడు.

పిన్నితో కలిసి మళ్లీ వెళ్లి కొట్టాయనతో పోట్లాడాను. "నా దగ్గర ఆడింది. మీ టీవీ తప్పు" అన్నాడు. విషయం ఇదీ: ఆ డిస్కుకు ప్రాంతం తాళం ఒకటే కాదు, బొమ్మ అల్లిక కూడా వేరు. మన టీవీలు బొమ్మను పరిచే పద్ధతి ఒకటి, వాళ్లది ఇంకొకటి. కొత్త టీవీలకు రెండూ వచ్చు. పిన్ని టీవీకి ఒకటే వచ్చు. కాబట్టి ప్లేయరే బొమ్మను మార్చి ఇవ్వాలి. ఆ ముక్క పెట్టె వెనక చిన్న అక్షరాల్లో ఉంది. నేను ముందున్న పెద్ద అక్షరాలే చదివాను.

"మోసం చేశావ్" అని నేను గొంతు పెంచుతుంటే పిన్ని నా చెయ్యి పట్టుకుంది.

"ఆయన్ని తిట్టి ఏం లాభంరా? ఆయన టీవీలో ఆడితే మనకేం ఒరిగింది? రేపు మన టీవీనే తీసుకొద్దాం."

నిజంగానే తెచ్చింది. తోపుడుబండి మీద దుప్పటి పరిచి, దాని మీద టీవీ, టీవీకి అటు నేను, ఇటు పిన్ని. వీధి వీధంతా నవ్వింది. ఆవిడ దగ్గర కాజాలు తీయించుకునే టైలరు గడపలోకొచ్చి, "ఏం అక్కా, ఊరేగింపా?" అన్నాడు.

"పెళ్లిచూపులు తమ్ముడూ! పిల్లని తీసుకెళ్తున్నా, పిల్లాణ్ణి చూపించమను!"

కొట్టాయన మొదట మొహం ముడుచుకున్నాడు. జనం మూగేసరికి సరదా పుట్టిందో, పరువు గుర్తొచ్చిందో, పెట్టెలు విప్పడం మొదలుపెట్టాడు. మొదటి ప్లేయర్‌లో బొమ్మ దొర్లింది. "ఈ సంబంధం వద్దు, కుర్రాడికి నిలకడ లేదు" అంది పిన్ని. రెండోదాంట్లో రంగులొచ్చాయి కానీ, యంత్రం నిలువుగా సాగి బొంగులా కనిపించింది. "వీడు మరీ పొడుగు." కొట్టాయన కూడా నవ్వాడు. అడుగు అరలోంచి, దుమ్ము పట్టిన చిన్న ప్లేయర్ తీశాడు. అందం లేదు, మెరుపు లేదు. డిస్కు వేశాడు. రిమోట్‌లో ఏవో మీటలు నొక్కాడు.

బొమ్మ నిలబడింది. నీలం రంగు యంత్రం, వరసగా తిరిగే తెల్లటి దారం కండెలు. వాటి మధ్యకు రెండు చేతులొచ్చి, తెగిన దారాన్ని రెండు వేళ్లతో పట్టి ముడేశాయి.

పిన్ని ఒక్కసారిగా లేచి రెండు అరచేతులూ తెరకు అడ్డం పెట్టింది.

"ఆపెయ్యండి."

"ఏమ్మా, బాగానే వస్తోందిగా?"

"వస్తోంది. అందుకే ఆపమంటున్నా. ఇంటికెళ్లి చూసుకుంటాను."

ముందు కొన్న ప్లేయర్ తీసుకుని ఇది ఇచ్చాడు కొట్టాయన. టీవీని తోపుడుబండి దాకా తనే మోసుకొచ్చి పెట్టాడు.

ఇంట్లో తలుపు దగ్గరికేసి చూశాం. ఇరవై నిమిషాల సినిమా. ఏదో పరాయి భాషలో ఒక గొంతు యంత్రం గొప్పలు చెబుతూనే ఉంది. చేతులు కనిపించాయి. వీపు కనిపించింది. తర్వాత, బాబాయి చెప్పినట్టు కాకుండా, మొహం కూడా కనిపించింది. సన్నటి మనిషి. యంత్రం మీదికి వంగినవాడు తల ఎత్తాడు, ఇటు చూశాడు, కుడిచెయ్యి గుండెకు ఆనించుకుని నవ్వాడు. ఏదో అన్నాడు కూడా, ఆ గొంతు వినబడనివ్వలేదు. నేను లెక్కపెట్టాను, పదకొండు సెకన్లు. చివర్లో యంత్రం పేరు, నంబరు వేశారు. మనిషి పేరు వేయలేదు.

"ఎంత వినయంగా చెయ్యి పెట్టుకున్నాడో చూడు పిన్నీ" అన్నాను.

ఆవిడ రిమోట్‌లో బొమ్మను ఆపే మీట ఏదో చూపించమంది. అంతే.

తర్వాత నాకు ఊరి అవతలి వైపు పని దొరికి గది ఖాళీ చేశాను. వస్తానని చెప్పి ఏడాది దాకా వెళ్లలేదు. వెళ్లిన రోజు పిన్ని వాకిట్లో అదే పీట మీద ఉంది. లోపల ప్లేయర్‌కు గుడ్డ తొడుగు కుట్టింది, దానికి కూడా ఒక కాజా, ఒక గుండీ. రోజూ చూస్తున్నావా అని అడిగాను. లోపలికి తీసుకెళ్లి డిస్కు వేసింది. కళ్లు మూసుకున్నా తప్పు పోని వేలితో మీట నొక్కి, బాబాయి తల ఎత్తిన చోట, చెయ్యి ఇంకా గుండె దాకా రాని చోట, బొమ్మను ఆపింది. ఆ చొక్కా మీద చూపుడువేలు పెట్టింది. పై నుంచి రెండో గుండీ లేదు. కాజా ఒక్కటే తెరుచుకుని ఉంది.

"ఆ పొద్దున గుండీ ఊడింది, కుట్టవే అన్నాడురా. టైలరు చొక్కాలు అర్జెంటుగా ఇవ్వాలి, సాయంత్రం కుడతాలే, నిన్నిప్పుడెవరు చూడొచ్చారు అన్నాను. అక్కడేమో కెమెరా పెట్టారు. గుండీలు కుట్టేదాని మొగుడని మిల్లులో అందరికీ తెలుసు కదా, చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఇంటికొచ్చి, చేతులే తీశారే అని చెప్పాడు. ఆ సాయంత్రం కుట్టానో లేదో కూడా నాకు గుర్తులేదు. ఎవరు చూడొచ్చారన్నానా... చూడు, నేనే చూడొచ్చాను."