కాక ఎగిరిన పాట

దినపత్రికలో జిల్లా పేజీలు తగ్గించిన ఏడాది నేను గోదావరిఖనిలో సొంతంగా ఒక ఆన్‌లైన్ ఛానల్ పెట్టాను. అప్పటిదాకా గనుల వార్తలు రాసేవాణ్ని. యూనియన్ సభలు, పైకప్పు కూలిన ప్రమాదాలు, క్వార్టర్లకు నీళ్లు రాని రోజులు. ఛానల్లోనూ అవే పెట్టాను. ఎవరూ చూడలేదు. మా ఊళ్లో వార్త పొద్దున చాయ్ దగ్గరే ఒకరి నోట ఒకరికి చేరిపోతుంది. నేను మైకు పట్టుకుని చెప్పేసరికి పాతబడి ఉండేది. బోనాల రోజు ఒక అక్క పాడుతుంటే ఊరికే తీసి పెట్టిన పాటను మాత్రం జనం చూశారు. ఆ తర్వాత పాటలే తీస్తూ వచ్చాను. కొన్నాళ్లకు నా కార్డు మీద విలేఖరి అన్న మాట పోయి నిర్మాత అన్న మాట వచ్చింది.

నాలుగేళ్లలో తీసినవి చాలానే ఉన్నాయి. జనం నోళ్లలో పడింది ఒక్కటే, ఒక పెళ్లి బరాత్ పాట. దాన్ని పాత క్వార్టర్ల వాడలో ఎండాకాలం ఉదయం ఏడింటికే మొదలుపెట్టి తీశాం. తొమ్మిది దాటితే మా దగ్గర కెమెరా పట్టుకున్న చెయ్యి కాలుతుంది. పెళ్లికూతురి తండ్రి వేషానికి ఆ వాడలోనే ఉండే, అందరూ కాక అని పిలిచే ఒక పెద్దాయనను అడిగాను. ముప్పై ఏళ్లు గనిలో దిగిన మనిషి. వయసులో ఉన్నప్పుడు డప్పు మోగితే ఆయన లేకుండా వాడలో ఊరేగింపు కదిలేది కాదట. ఇప్పుడు నాలుగు మెట్లు ఎక్కితే ఆగి, గోడ పట్టుకుని ఊపిరి తీసుకోవాలి. అందుకే తలకు కొత్త రుమాలు చుట్టి, గుమ్మం ముందు ఊరికే నిలబడితే చాలన్నాను.

డప్పులు మొదలయ్యాక కాక నిలబడలేదు. రుమాలు సర్దుకుని గుంపులోకి దిగాడు. కుడికాలు లేపి, భుజం ఒకటి కిందికి జార్చి, తల పక్కకు తిప్పి ఒక చుట్టు ఎగిరాడు. అంతే. తర్వాత అరుగు మీద కూలబడి చాలాసేపు దగ్గాడు. ఆయన బిడ్డ పరుగున వచ్చి వీపు రాసింది. కెమెరా బంద్ చెయ్యమని ఆయన చేత్తో సైగ చేశాడు. మా కెమెరామన్‌కు అది కాస్త ఆలస్యంగా అర్థమైంది.

ఎడిటింగ్‌లో ఆ ఎగురుడు నాలుగు సెకన్లు వచ్చింది. పాట మొత్తంలో ప్రాణమున్న ముక్క అదే. దాన్ని ఉంచాను. కాక కాలు లేపిన బొమ్మనే పాట ముందు కనిపించే ఫొటోగా పెట్టాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా బొగ్గు బెల్టులో, ఈ మనిషికి ఇక గనిలో పనిచేసే ఆరోగ్యం లేదని డాక్టర్ల బోర్డు తేల్చితే, ఆ కొలువు పిల్లల్లో ఒకరికి వస్తుంది. దాన్ని అందరం అన్‌ఫిట్ అంటాం. ఇంకెక్కడైనా అది చెడ్డ మాట. మా దగ్గర ఒక ఇంటి ఆశంతా దాని మీదే ఉంటుంది. కాక అప్పటికే అన్‌ఫిట్‌కు దరఖాస్తు పెట్టి బోర్డు పిలుపు కోసం చూస్తున్నాడు. కొలువు ఆ బిడ్డకే రావాలి. పెళ్లయి, భర్త వదిలేసి వెళ్లాక తండ్రి దగ్గరే ఉంటోంది. కొన్ని నెలలు గడిస్తే ఆమెకు వయసు పరిమితి దాటిపోతుంది.

ఇదంతా నాకు తెలుసు. అన్‌ఫిట్ మీద నేనే ఎన్నో వార్తలు రాశాను. ఎడిటింగ్‌లో కూర్చున్నప్పుడు గుర్తు రాలేదంటే అబద్ధమవుతుంది. వచ్చింది. నాలుగు సెకన్లే కదా అనుకున్నాను.

పాట పెట్టిన వారానికే ఆ నాలుగు సెకన్లు విడిగా తిరగడం మొదలైంది. జ్యోతినగర్ బడిపిల్లల నుంచి బెల్లంపల్లి రిటైరైన వాళ్ల దాకా అందరూ ఆయనలాగే ఎగిరి వీడియోలు పెట్టారు, అదే కాలు, అదే భుజం. కాకకు మొదట్లో సంతోషంగానే ఉండేది. తర్వాత ఒకరోజు చాయ్ దుకాణం దగ్గర ఆయన షిఫ్టువాడే ఒకడు, నేను అక్కడుండగానే అన్నాడు.

"కాకా, నువ్వే అన్‌ఫిట్ అయితె, మమ్ములను మోసుకపోవాలె ఇగ."

అందరూ నవ్వారు. కాక కూడా నవ్వాడు గానీ చాయ్ సగంలో వదిలేసి లేచాడు. ఆ సాయంత్రానికి పాట కింద కామెంట్లలో అదే మాట పది రకాలుగా కనిపించింది.

మర్నాడు ఆయన బిడ్డ నా గదికి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. బోర్డు పిలుపు వచ్చిందట, ఇంకా ఇరవై రోజులున్నాయట.

"డాక్టర్లకు గూడ ఫోన్లుంటయి గదా అన్నా. ఆ పాట తీసెయ్యరాదా."

తీసేస్తానని వెంటనే అనలేకపోయాను. ఆ పాట చూశాకే ఇద్దరు ముగ్గురు తమ పాటలు తీయమని నన్ను పిలిచారు. ఒకసారి తీసేస్తే చూసిన లెక్క పోతుంది, మళ్లీ పెట్టినా తిరిగి రాదు. ఏదో ఒకటి చేస్తానని చెప్పి ఆమెను పంపించాను.

నేను చేసింది పత్రిక మనిషి చేసే పని. పేపర్లో ఎవరి ముఖమైనా దాచాల్సి వస్తే మసక చేస్తాం. కాక ముఖాన్ని కూడా అలాగే మసక చేశాను. ముందున్న ఫొటో మార్చాను. మంచి ఉపాయం దొరికిందనే అనుకున్నాను.

పేపర్లో మసక ముఖం ఎవరిదో జనానికి బాగా తెలుసు. అయితే నేరం చేసినవాడిది, లేకపోతే నేరానికి గురైనవాడిది. పెళ్లి ఊరేగింపులో అందరి ముఖాలూ కనిపిస్తూ, ఎగిరే మనిషి ముఖం ఒక్కటే చెదిరిపోతే ఏమనుకుంటారు? అప్పటిదాకా పట్టించుకోనివాళ్లు కూడా ఎవరా అని అడగడం మొదలుపెట్టారు. తెలిసినవాళ్లు చెప్పారు. దాచారంటే ఏదో ఉండే ఉంటుందన్నారు. మసక లేని పాత ముక్కలు ఎలాగూ అందరి ఫోన్లలోనూ ఉన్నాయి. బోర్డుకు వారం ఉందనగా పాట మొత్తం తీసేశాను. అప్పటికి దానివల్ల ఉపయోగం లేదని నాకూ తెలుసు.

అప్పుడు గుర్తొచ్చింది, కెమెరా ఆలస్యంగా ఆపిన ఆ ముక్క. కాక అరుగు మీద కూలబడడం, నోరు తెరిచి గాలికోసం వెతుక్కోవడం, బిడ్డ వీపు రాయడం, అన్నీ అందులో ఉన్నాయి. దాన్ని ఫోన్లో వేసుకుని వాళ్ల క్వార్టర్‌కు వెళ్లాను. బోర్డులో ఎవరైనా అడిగితే చూపించండి, లేదంటే నేనే ఛానల్లో పెడతానని చెప్పాను. కాక మంచం మీద కూర్చుని దాన్ని చివరిదాకా చూశాడు. బిడ్డ చూడలేదు. ఆయన ఫోన్ నా చేతికి తిరిగి ఇచ్చాడు.

"నేను ఎగిరింది లోకానికి చూపిచ్చినవ్ తమ్మీ. ఇప్పుడు దగ్గింది గూడ చూపిస్తవా?"

బిడ్డ తండ్రి వైపు చూసింది. చూపించమని అడుగుతుందేమో అనుకున్నాను. లోపలికి వెళ్లి నాకు నీళ్లు తెచ్చింది.

బోర్డు నుంచి కాగితం వచ్చింది. కింద గనిలోకి దిగొద్దు, పైన తేలికపాటి డ్యూటీకి పనికొస్తాడు అని ఉంది. అంటే అన్‌ఫిట్ కాదు. బిడ్డకు కొలువు లేదు. పాట గురించి డాక్టర్లు అడిగారా అని తెలుసుకోవడానికే మళ్లీ వెళ్లాను. ఛాతీ చూశారట, ఊదమన్నారట, నడవమన్నారట.

"ఎవ్వలు అడగలే. అడిగితె చెప్పుకునేటోన్ని గదా," అన్నాడు కాక.

వాళ్లు చూసి అడగలేదో, అసలు చూడనే లేదో, ఊపిరి పరీక్షలో నిజంగానే అంతే తేలిందో నాకు తెలియదు. ఇరవై ఏళ్లు వార్తలు రాసినవాణ్ని, దీన్ని ఎవరిని అడగాలో తెలియలేదు. అడిగే ధైర్యమూ లేకపోయింది.

ఆమె వయసు ఈ వానాకాలంలో ఆ పరిమితి దాటిపోయింది. ఇప్పుడు రామగుండం స్టేషన్ దగ్గర ఒక మందుల దుకాణంలో పనిచేస్తోంది. మా అమ్మ బీపీ గోలీలు అక్కడే కొంటాను. చీటీ తీసుకుని మందులిస్తుంది, అమ్మ ఎట్లున్నదని అడుగుతుంది. పాట మాట ఎత్తదు. వాళ్ల నాన్న ఎట్లున్నడని నేను అడిగితే, డ్యూటీకి పోయిండు అని చెబుతుంది.