మైపాడు దగ్గర కొన్న పాత కారు

తెనాలి స్టేషనులో పాసింజరు ఎక్కేసరికి ఇంకా పూర్తిగా తెల్లారలేదు. సాగనంపడానికి ఎవరూ రాలేదు. రావడానికి ఎవరున్నారు గనక! గదికి తాళం వేశాను గానీ, తాళంచెవి ఎవరికైనా ఇచ్చి వెళదామంటే అంత చనువున్న మనిషి ఒక్కరూ తట్టలేదు. చివరికి నా జేబులోనే వేసుకున్నాను.

బయలుదేరింది కారు కోసం. ఏళ్ళ తరబడి ఒక డాక్టరుగారి కారు నడిపాను. ఆయన పోయారు, కొడుకులు కారు అమ్ముకున్నారు, నేను మిగిలాను. స్టీరింగు తిప్పడం తప్ప నాకు మరో విద్య రాదు. ఈ వయసులో ఇంకొకరి ఇంటి ముందు చేతులు కట్టుకు నిలబడే ఓపికా లేదు. దాచుకున్న నాలుగు రాళ్ళతో పాత కారొకటి కొని టాక్సీ తిప్పుకుందామనుకున్నాను. మైపాడు పక్క పల్లెలో ఒక కారుందనీ, యజమాని పోయాడనీ, భార్య అమ్మజూపుతోందనీ నెల్లూరు బ్రోకరు కార్డు రాశాడు. నేను అడ్వాన్సు పంపాను. కారు నడవకపోతే బేరం రద్దని మాట. అది నడిస్తే నాకు బతుకుంది, నడవకపోతే మళ్ళీ ఆ గదీ, ఆ గోడలూ.

రైల్లో ఎదురుగా కావలి వెళ్ళే పొగాకు వ్యాపారి కూర్చున్నాడు. నేను వెళ్ళే పని విని పడీపడీ నవ్వాడు. "పాత కారా? అయితే ఎవడో మెకానిక్కు ఇల్లు కట్టుకుంటాడన్నమాట, మీ డబ్బులతో!" అన్నాడు. నేనూ నవ్వాను. ఆయన కావలిలో దిగిపోయాక మాత్రం అదే మాట చెవిలో జోరీగలా తిరిగింది.

నెల్లూరు చేరేసరికి భోజనాల వేళయింది. ఈ దారిన వచ్చేవాళ్ళకు ఒక మాట. బస్సు పోతుందని తొందరపడి స్టేషను దగ్గర భోజనం మానకండి. సన్నబియ్యం అన్నం, చిక్కటి పప్పు, అడిగినంత మజ్జిగ, అంతా రూపాయి లోపే. అవతల మైపాడు వైపు హోటలన్నది నాకు కనబడలేదు.

బస్సు ఇందుకూరుపేట మీదుగా వెళుతుంది. నయాపైసలు కొత్తగా వచ్చిన రోజులు. నా పక్కన ఖాళీ చేపల గంపతో ఒక ఆవిడ ఎక్కి, "కాస్త జరగన్నా, గంప పట్టాల," అంటూ నన్ను కిటికీకి నొక్కేసింది. టిక్కెట్టు దగ్గర కండక్టరుతో పోట్లాట. "అణాల్లో చెప్పయ్యా! ఈ పైసలు నాకు అర్థం గావు!" వరిచేలు దాటి, సరుగుడు తోపులు మొదలయ్యాక ఆమె నా సంగతి అడిగింది.

"చెంగమ్మోళ్ళ కారా? ఆమె మొగుడు ఉన్నప్పుడు తెల్లారకముందే మా గంపలన్నీ ఆ కార్లోనే నెల్లూరికి పొయ్యేవి. మంచోడు, పాపం. జొరమొచ్చి పోయినాడు. ఆమెకు పిల్లా జెల్లా ఎవురూ లేరు."

చెంగమ్మ ఇల్లు ఊరి చివర ఉంది. నలభై దాటిన మనిషి, మాట తక్కువ. తాటాకు పాకలో కారు చూపించింది. చూసి ఆశ్చర్యపోయాను. సముద్రం అంత దగ్గర, అయినా ఒక్కచోట తుప్పు లేదు. రోజూ నూనెగుడ్డతో తుడుస్తున్నట్టుంది. లోపల చేపల వాసన మాత్రం తగ్గలేదు. ఆయన పోయాక ఎవరూ దాన్ని నడపలేదట. కారు ముందు హ్యాండిలు వేసి తిప్పాను. అందుకుంది. ఇంజను అందుకుని నాలుగు దగ్గులు దగ్గి, గింజుకుని ఆగిపోయింది. మళ్ళీ తిప్పినా అంతే. బానెట్టు కింద అతుకుల్లోంచి నల్లటి పొగ లేచింది. బయటికి పోవాల్సిన పొగను తనే మింగి ఉక్కిరిబిక్కిరవుతున్నట్టుంది. నా ప్రాణం ఉసూరుమంది.

పొద్దు వాలకముందే అక్కడి నుంచి సముద్రం దగ్గరికి వెళ్ళిపోయాను. పడవలు ఒడ్డుకు లాగుతున్నారు, ఆడవాళ్ళు చేపలు వేరు చేస్తున్నారు, అందరూ అందర్నీ పేర్లు పెట్టి కేకలేసుకుంటున్నారు. నన్ను పేరు పెట్టి పిలిచే గొంతు అక్కడే కాదు, తెనాలిలోనూ లేదని గుర్తొచ్చి ఏడుపొచ్చినంత పనయింది. ఆ రాత్రి బడి అరుగు మీద పడుకున్నాను.

పొద్దున మొదటి బస్సులో నెల్లూరు వెళ్ళి మస్తాన్ అనే మెకానిక్కును పట్టుకొచ్చాను. ఊళ్ళో మంచి పేరున్నవాడు, నోరు కూడా పెద్దదే. ఇంజను చప్పుడు విని తల అడ్డంగా ఊపాడు.

"కార్బన్ పట్టేసింది సార్. ఇంజను హెడ్డు దించి గీకాల, వాల్వులు నూరాల. నా కూలి ముప్పై, గాస్కెట్టు వేరే. పిస్టను రింగులు గూడా పోయుంటే మాత్రం ఇంజనే దించాల. అప్పుడు కారు ఖరీదులో సగం నా చేతిలో పెట్టాల్సిందే."

పగలంతా ఆ పనే. గీకిన కార్బన్ పాత పేపరు మీద పోగుపడుతుంటే నా ఆశ కాస్త కాస్త లేచింది. చెంగమ్మ మధ్యాహ్నం ఇద్దరికీ అన్నం, చేపల పులుసు పెట్టింది. సాయంత్రానికి అన్నీ బిగించి హ్యాండిలు తిప్పాం. అందుకుంది. దగ్గింది. ఆగిపోయింది.

మస్తాన్ చేతిగుడ్డ నేలకేసి కొట్టాడు. "ఇక రింగులే సార్. నా మాట వినండి, వదిలేయండి దీన్ని."

బేరం వద్దని చెంగమ్మతో చెప్పాను. "సరేలెయ్యా. మీ డబ్బులు యాడికీ పోవు," అని లోపలికి వెళ్ళింది. మస్తాన్ పనిముట్లు సర్దుకుంటున్నాడు. దీపాల వేళకు ఆమె మళ్ళీ బయటికొచ్చింది. ఒక చేతిలో కొబ్బరి పీచు ముద్ద, ఇంకో చేతిలో కర్ర. "కాస్త జరగండయ్యా," అని కారు వెనక గొంతుక్కూచుని, సైలెన్సరు గొట్టంలో ఆ పీచు పెట్టి కర్రతో లోపలికి తోయసాగింది.

మస్తాన్ ఒక్క కేక పెట్టాడు. "యా అల్లా! ఏం చేస్తా ఉండావమ్మా?"

"పీతలు దూరకుండా. ఉప్పుగాలి పోకుండా. ఆయన రోజూ పొద్దుగూకినాక ఇట్టా పెట్టేవోడు. ఆయన పోయినాక నేను పెడతా ఉండా. ఒక్క పూట గూడా తప్పలా."

"మరి పొద్దున తీసేదెవురు?"

ఆమె చేయి ఆగిపోయింది. మా ఇద్దరి మొహాలూ చూసింది.

"తీయాల్నా?"

కర్ర పక్కన పెట్టి ఆమే అంది, "ఆయన చీకటితోనే పొయ్యేవోడు. నిద్ర చెడతాదని నన్ను లేపేవోడు గాదు. పెట్టేది చూసినా. తీసేది నేనెప్పుడూ చూళ్ళేదయ్యా."

పాక గుంజకు పొడవాటి ఇనప కొక్కెం ఒకటి వేలాడుతోంది. నిన్నటి నుంచీ దాన్ని చూస్తూనే ఉన్నాను, కొబ్బరికాయలకేమో అనుకున్నాను. మస్తాన్ దాన్ని అందుకుని గొట్టంలోకి దూర్చి లాగడం మొదలుపెట్టాడు. ముద్ద తర్వాత ముద్ద, గట్టిగా దట్టించినవి, వస్తూనే ఉన్నాయి. మొదట్లో మస్తాన్ పగలబడి నవ్వాడు. పోగు పెరిగేకొద్దీ అతని నవ్వు ఆగిపోయింది. "అయ్యో, నా చేతులారా దాని గొంతు నొక్కినానే!" అని చెంగమ్మ నెత్తిన చేయి పెట్టుకుంది.

అన్నిటికన్నా లోపలి నుంచి వచ్చిన ముద్ద నల్లగా ఉంది. దానికి పురికొసతో ఉచ్చు కట్టి ఉంది, కొక్కేనికి తగులుకునేలా. మిగతా వేటికీ ఉచ్చు లేదు. చెంగమ్మ దాన్ని మస్తాన్ చేతిలోంచి తీసుకుంది. "ఇది ఆయన పెట్టింది," అంది. మసి అంటుతున్నా చూసుకోకుండా కొంగులో కట్టుకుంది.

హ్యాండిలు తిప్పాను. కారు ఒక్కసారి నల్లగా కక్కి, తర్వాత హాయిగా ఊపిరి తీసుకుంది. చెంగమ్మ గుంజకు ఆనుకుని ఆ చప్పుడు వింటూ కళ్ళు తుడుచుకుంది. నేను తొందరపడి ఆపలేదు.

మస్తాన్ తన కూలి తను తీసుకున్నాడు. "కార్బన్ ఉన్నింది మాత్రం నిజమే గదా సార్!" అన్నాడు. కాదనలేకపోయాను. పాత కారు కొనేవాళ్ళు హెడ్డు దించే ముందు వెనక గొట్టంలో ఒక కర్ర పెట్టి చూడండి, ఖర్చులేని పని.

మర్నాడు పొద్దున్నే డబ్బు ముట్టజెప్పి బయలుదేరాను. చెంగమ్మ ఆ కొక్కెమూ, కొత్త పీచు ముద్దా తెచ్చి సీటు మీద పెట్టింది. ఈ ముద్దకు ఉచ్చు కట్టి ఉంది. రాత్రి కూర్చుని కట్టిందట. కారు కదులుతుంటే కిటికీ దగ్గరికొచ్చి, "పొద్దున తీసేది మరిచిపోబాకండి," అంది.

రాత్రి అక్కడే ఆగిపోయిన మస్తాన్‌ను నెల్లూరులో దించాను. పెన్న వంతెన దాటాక దారంతా ఒక్కణ్ణే. కావలిలో కాఫీ, ఒంగోలులో భోజనం, అక్కడే పెట్రోలు. కారు ఎక్కడా మొరాయించలేదు. ఖాళీ సీటు మీద కొక్కెం అటూ ఇటూ దొర్లుతూ ఉంది. చూసి రావాల్సిన తీరం అది, కానీ నాకు సముద్రం కంటే ఆ తాటాకు పాకే గుర్తుంటుంది.

తెనాలి చేరేసరికి దీపాలు పెట్టారు. జేబులోంచి తాళంచెవి తీసి గది తలుపు తెరిచాను. ఎలా వదిలి వెళ్ళానో అలాగే ఉంది. మళ్ళీ బయటికొచ్చి కారు వెనక కూర్చుని పీచు ముద్ద గొట్టంలో పెట్టాను. తెనాలిలో పీతలు లేవు, ఉప్పుగాలీ లేదు. నాకు తెలుసు. కానీ మరిచిపోవద్దని నాకొక మనిషి చెప్పి ఎన్నేళ్ళయిందో! రేపు పొద్దున లేవగానే అది తీయాలి.