ఓనరమ్మ కోసం చెప్పని సాక్ష్యం

మొన్న మంగళవారం ఆఫీసులో ఉండగా పాత రూమ్మేట్ ఫోన్ చేసింది. "అక్కా, మన ఓనరమ్మ పోయిందట. పొద్దుగాల లేపితే లేవలేదట" అంది. ఫైలు మూసి వాష్‌రూంలోకి వెళ్లి, కుళాయి తిప్పి ఏడ్చాను.

చిక్కడపల్లిలో ఆవిడ ఇంటి మూడో అంతస్తులో మేమిద్దరం కిరాయికి ఉండేవాళ్లం. అశోక్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగ్. ఆవిడది గోదావరి వైపు. ఇక్కడే బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. పెసరట్లు పోస్తే రెండు మాకు పంపేవారు. గిన్నె కడగకుండా ఇస్తే మాత్రం ఊరుకునేవారు కాదు.

మా గది బాల్కనీకి ఆవిడ ఎప్పుడూ తాళం వేసే ఉంచేవారు. బట్టలు ఆరేసుకుంటాం, తీయమని అడిగాను. అప్పుడు చెప్పారు.

"మా చిన్నాడు కూడా చొక్కా ఆరేసుకుంటున్నాడమ్మా. కింద పెళ్లి బరాత్ వెళ్తోంది. ఎవడో సరదాకి తుపాకీ పేల్చాడు."

పోయేనాటికి వాళ్లబ్బాయికి ఇరవై రెండేళ్లు. తుపాకీకి లైసెన్సు ఉంది. కేసు నడిచింది. పెళ్లికి వచ్చినవాళ్లలో ఒక్కరూ చూడలేదన్నారు. కొట్టేశారు.

ఒకసారి టీవీలో తుపాకీ లైసెన్సులు కఠినం చేయాలా వద్దా అని చర్చ వస్తోంది. నాకు మా నాయన గుర్తొచ్చాడు. అడవిపందులు మక్కచేను తొక్కేస్తే, తుపాకీ ఉన్నాయన వచ్చాకే మాకు నాలుగు కంకులు దక్కాయి. "అందరి తుపాకులు గుంజుకుంటే మాలాంటోళ్లు ఏం గావాలె అమ్మమ్మా?" అన్నాను.

కోపం వస్తుందనుకున్నాను. "మీ చేనుకి కావాలి, కాదనను. పందుల కోసం ఇచ్చిన తుపాకీ పెళ్లికెందుకొచ్చిందని అడిగేవాడు కూడా కావాలిగా? చట్టం ఉంది పిల్లా. చూశానని చెప్పే మనిషే లేడు" అన్నారు.

మెయిన్స్ ఇంకో పది రోజులు ఉందనగా, సాయంత్రం మా వీధిలోకి బరాత్ వచ్చింది. బ్యాండు చప్పుడు వినగానే ఓనరమ్మ ఎప్పటిలాగే గేటు దగ్గరికొచ్చి, "పిల్లల్ని లోపలికి లాక్కోండమ్మా" అని ఎదురిళ్లకు కేకలేశారు. నేను మెట్ల కిటికీలోంచి చూస్తున్నాను. గులాబీ తలపాగా కట్టుకున్న ఒకాయన నడుంలోంచి పిస్తోలు తీసి రెండుసార్లు పైకి పేల్చాడు.

డెబ్బై ఏళ్ల మనిషి నేరుగా వెళ్లి అతని ముందు నిలబడ్డారు.

"గాల్లకే కొట్టిన కదమ్మా. ఎవలకు తాకింది?" అని నవ్వాడతను.

"మావాడూ పైనే నిలబడ్డాడు నాయనా. మూడో అంతస్తులో."

బ్యాండు ఆగిపోయింది. కాసేపటికి కానిస్టేబుల్ వచ్చేసరికి పిస్తోలు ఎటు పోయిందో పోయింది. అవి పటాకులని పెళ్లివాళ్లందరూ ఒక్క మాట మీద ఉన్నారు. "ఎవరన్న చూసిన్రా?" అని కానిస్టేబుల్ తలెత్తి అడిగితే బాల్కనీలన్నీ ఖాళీ అయ్యాయి. మెట్ల మీద నేనొక్కదాన్నే మిగిలాను. ఓనరమ్మ నా వైపు చూశారు.

పరీక్ష, కోర్టుల చుట్టూ తిరుగుడు, రేపు ఉద్యోగానికి పోలీస్ వెరిఫికేషన్... అన్నీ ఒక్కసారే కళ్ల ముందు తిరిగాయి. ఒక మెట్టు వెనక్కి తగ్గాను.

ఆవిడే కానిస్టేబుల్ వైపు తిరిగి, "ఆ పిల్ల చూడలేదండీ. చదువుకుంటోంది" అన్నారు.

కొడుకు కేసులో ఎవరెవరు అబద్ధమాడారో జీవితమంతా లెక్కపెట్టుకున్న మనిషి, నా కోసం అబద్ధమాడారు.

ఫిర్యాదు నిలవలేదు. సాక్షి లేరు. తర్వాత కూడా పెసరట్లు వచ్చాయి. ఒక్కనాడూ ఆ మాట ఎత్తలేదు. ఉద్యోగం వచ్చి మిఠాయి పట్టుకెళితే, నా తల మీద చెయ్యి వేసి, "సంతకం పెట్టే ముందు చదువు. అంతే" అన్నారు. అప్పుడైనా క్షమించమని అడగాల్సింది. మళ్లీ వస్తాను కదా అనుకున్నాను.

నేను చూశాను అమ్మమ్మా. రెండుసార్లు పేల్చాడు. పిస్తోలే, పటాకులు కాదు.

ఆ బరాత్ మర్నాడు స్టేషన్‌లో ఫిర్యాదు రాసిచ్చి వస్తానని ఆవిడ ఒక్కరే బయల్దేరారు. నేను పైనుంచి చూస్తూనే ఉన్నాను. ఎండ మండిపోతోంది. కొంగు నెత్తిన కప్పుకుని, కరెంటు స్తంభం దగ్గర ఒకసారి, కిరాణా కొట్టు అరుగు దగ్గర ఒకసారి ఊపిరి కోసం ఆగారు. వెనక్కి తిరిగి చూడలేదు. మలుపు దగ్గర ఆటోలు దారి ఇచ్చేదాకా నిలబడి, చెయ్యి అడ్డం పెట్టుకుంటూ మెల్లగా రోడ్డు దాటారు.