మామ్మ ఉపవాసం

మీరు సరస్సులో ఈదుతున్న ఫోటో చూడగానే, మా అమలాపురం చెరువూ, ఓ శ్రీరామనవమీ గుర్తొచ్చాయర్రా. నాకప్పుడు ఎనిమిదేళ్లు. సీతమ్మవారికి తాళి కట్టేదాకా మా మామ్మ పచ్చిగంగైనా ముట్టదు. మోకాళ్ల నొప్పులతో కదల్లేక, పందిరి దగ్గర చూసొచ్చి చెప్పమని నన్ను పంపింది. దారిలో చెరువులోంచి స్నేహితురాళ్లు పిలిచారు. ముందు ఈ పని వదుల్చుకుందామని అక్కణ్ణించే ఇంటికి పరుగెత్తాను.

"కట్టేసేరా అమ్మడూ?"

"ఆయ్, కట్టేసేరు మామ్మా!"

ఆవిడ దణ్ణం పెట్టుకుని రెండు గుక్కలు పానకం తాగింది. సరిగ్గా అప్పుడే, తాళి కట్టేటప్పుడు వాయించే గట్టిమేళం పందిరివైపు నుంచి వినిపించింది. మామ్మ గ్లాసు కింద పెట్టేసింది.

"మండుటెండలో పసిదాన్ని తిప్పేను, నాదే తప్పు. వెళ్లి ఆడుకోమ్మా," అంది.

నేను నిజంగానే వెళ్లి సాయంత్రందాకా ఈదాను. ఆవిడ మర్నాటిదాకా మెతుకు ముట్టలేదని, ఆవిడ పోయాక అమ్మ చెప్పింది.