మల్లేశ్ ఆఖరి బుట్టకు అంచు ఎవరు కట్టాలి?

నిన్న పొద్దున రవి ఫోన్ చేశాడు. "మల్లేశ్ లేవట్లేదండీ."

నేను సికింద్రాబాద్ స్టేషన్‌లో ఎంఎంటీఎస్ కోసం నిలబడి ఉన్నాను. లేవకపోతే నీళ్లు కొట్టి లేపవయ్యా అన్నాను.

అటువైపు రవి ఏడుపు వినిపించింది.

అప్పుడు అర్థమైంది.

నిద్రలోనే గుండె ఆగిపోయిందట. యాభై కూడా నిండలేదు.

ఇప్పుడే బన్సీలాల్‌పేట్ శ్మశానం నుంచి వచ్చి ఇది రాస్తున్నాను. కోపంగానే రాస్తున్నాను. మెత్తగా రాయడం నాకు చేతకాదని మల్లేశ్‌కి తెలుసు.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. మల్లేశ్ ఆర్టిస్ట్. ఎరుకల ఇంట్లో పుట్టాడు. వాళ్లమ్మ ఎల్లమ్మ దగ్గర ఈత పుల్లలతో బుట్టలు అల్లడం నేర్చుకుని, ఆ అల్లికతోనే మనిషి పట్టేంత ఇన్‌స్టలేషన్లు చేశాడు.

రవి అతని పార్ట్‌నర్. రాంగోపాల్‌పేట్‌లో ఏళ్ల తరబడి ఒకే ఇల్లు, ఒకే వంట. మీలో చాలామంది మర్యాద కోసం "రూమ్మేట్" అన్న మనిషి. రూమ్మేట్ కాదు. పార్ట్‌నర్. ఇవాళైనా ఆ మాట పలకండి.

తెల్లదొరల చట్టం ఒకటి ఎరుకలవాళ్లను పుట్టుకతోనే దొంగలని తేల్చింది. మల్లేశ్ వాళ్ల తాత రాత్రి కాగానే ఠాణాకి పోయి, ఇక్కడే ఉన్నానని హాజరు పలకాల్సి వచ్చేది. అదే దొరల ఇంకో చట్టం మగవాడు మగవాణ్ని ప్రేమిస్తే జైలు అంది.

మల్లేశ్ నవ్వుతూ చెప్పేవాడు. "అన్నా, తెల్లోడు నా మీద రెండు కేసులు పెట్టిండు. ఒకటి పుట్టినందుకు, ఒకటి ప్రేమించినందుకు."

తెల్లవాడు వెళ్లిపోయాడు. ఆ చట్టాలూ పోయాయి. కేసులు మాత్రం మనమే నడుపుతున్నాం.

ఆదివాసీ సభకి పిలిచినవాళ్లు "రవి టాపిక్ వద్దులే" అన్నారు. ప్రైడ్ ప్రోగ్రామ్‌కి పిలిచినవాళ్లు "బుట్టల గురించి రెండు ముక్కల్లో చెప్పండి, టైమ్ లేదు" అన్నారు. మన కామ్రేడ్లు "ముందు వర్గం, తర్వాత ఇవన్నీ" అన్నారు. ఒక మనిషిని ముక్కలు చేసి, ఎవరికి కావాల్సిన ముక్క వాళ్లు పట్టుకుపోవడాన్ని ప్రగతిశీలత అంటారా? అనేవాళ్లు కింద కామెంట్ పెట్టండి, మాట్లాడుకుందాం.

కంటోన్మెంట్ వైపు పాత దొరల బంగళా ఒకటి ఇప్పుడు గ్యాలరీ అయింది. అక్కడ మల్లేశ్ "హాజరు" అనే షో పెట్టాడు. గుమ్మంలో బుట్టల వరుస. లోపలికి పోవాలంటే ఎవరైనా సరే ఒక బుట్ట పక్కన గొంతుక్కూర్చుని, పేరు చెప్పి, "హాజర్" అనాలి.

సూటేసుకున్న ఒక పెద్దమనిషికి తిక్క రేగింది. "నన్ను కింద కూర్చోమంటావా? నేనెవరో తెలుసా?"

"తెల్వది సార్. అందుకే పేరు చెప్పుమంటున్న."

మొత్తానికి కూర్చున్నాడు. లేవలేకపోతే మల్లేశే చెయ్యిచ్చి లేపాడు. అదీ మల్లేశ్.

ఆ షోకి ముందు టైమ్ చాలక, అంచులు మా దగ్గరి కుర్రాళ్లతో కట్టిస్తామని గ్యాలరీవాళ్లు అన్నారు. మల్లేశ్ ఒప్పుకోలేదు. వాళ్లింట్లో ఒక పద్ధతి ఉంది. అంచు కట్టని బుట్ట గడప దాటదు. ఆ అంచు ఇంటివాళ్లే కట్టాలి.

రవి పుల్లలు చీల్చేవాడు, తడిపేవాడు, అందించేవాడు. అంచు దగ్గరికి వచ్చేసరికి తనంతట తనే చెయ్యి వెనక్కి తీసుకునేవాడు. ఎల్లమ్మ కూడా ఎన్నడూ కట్టమనలేదు.

ఒకసారి నేను పెళ్లి హక్కు గురించి, కోర్టుల గురించి గొంతు చించుకుంటుంటే మల్లేశ్ ఆపాడు. "అన్నా, కోర్టు సంగతి జెర పక్కకు పెట్టు. మా అమ్మ రవిని అంచు కట్టుమంటె నాకు గదే పెండ్లి."

ఇవాళ పొద్దున ఎల్లమ్మ ఇంటికి వెళ్లాను. మల్లేశ్ లోపల పడుకుని ఉన్నాడు. రవి బయట చెప్పుల దగ్గర నిలబడి ఉన్నాడు. "ఫ్రెండ్సంత బయట్నే ఉండుండ్రి" అన్నాడట మల్లేశ్ మేనమామ.

అంతలో నాకు గ్యాలరీ నుంచి ఫోన్. ట్రిబ్యూట్ షో పెడతారట. మల్లేశ్ సగంలో వదిలిన బుట్ట కావాలట. "అన్‌ఫినిష్డ్‌గా ఉంటేనే పవర్‌ఫుల్ అండీ." నేనేమన్నానో ఇక్కడ రాస్తే ఈ పోస్ట్ తీసేస్తారు.

"ఎవరు బిడ్డా?" అని ఎల్లమ్మ అడిగింది. చెప్పాను.

"అంచు లేకుంట గడప దాటిస్తరా? దిమాక్ ఉన్నదా ఆళ్లకు?" లేచి, మూలనున్న ఆ సగం బుట్ట తీసి, పుల్లలు తడిపింది. ఒక చుట్టు తిప్పింది. ఆగిపోయింది.

తర్వాత గుమ్మం వైపు చూసి కేకేసింది. "రవీ! ఏందిరా గిట్ల బయట నిలబడ్డవ్? లోపల్కి రా. అంచు కట్టు."

మేనమామ లేచాడు. "అక్కా, బయటోడు..."

"బయటోడెవడ్రా? గిన్నేండ్ల సంది నా కొడుక్కి బువ్వ ఒండి పెట్టింది నువ్వా?"

రవి బుట్ట ముందు కూర్చుని ఏడుస్తున్నాడు. "నాకు సరిగ్గా రాదమ్మా. వంకర పోద్ది."

"పోతె పోనీ. ఆడు మొదట కట్టింది సుత వంకరనే."

పాడె లేవడం ఆలస్యమైంది. మేనమామ చాలాసార్లు గడియారం చూసుకున్నాడు. చూసుకోనీ.

అదే బుట్టలో పూలు పోసుకుని రవి మల్లేశ్ ముందు నడిచాడు. బుట్ట ఇప్పుడు రవి ఇంట్లో ఉంది. గ్యాలరీవాళ్లు మళ్లీ ఫోన్ చేయనక్కర్లేదు.

దీన్ని అందమైన ముగింపు అనకండి. ఆ ఒక్క పిలుపు వినడానికి మల్లేశ్ లేడు. బతికుండగా అందాల్సింది పాడె పక్కన అందింది. నా కోపం ఎల్లమ్మ మీద కాదు. ఆమె అమ్మ. మనకేమైంది?

నీ పెండ్లి అయింది మల్లేశ్. అంచు ఒకచోట వంకరగానే ఉంది.

ఇక ఎక్కడా నువ్వు హాజరు పలకక్కర్లేదు.

నిమ్మళంగా పడుకో తమ్మీ.